మంగు, ముఖం ఎరుపు ఉన్నప్పుడు ఫోటోఫేషియల్ చేయించుకోవచ్చా?

మీరు రాసినది క్లుప్తంగా ఇది. వయసు 38, డాలస్‌లో ఉద్యోగం. ఆఫీసులో మీ పక్క సీటు అమెరికన్ ఆవిడ మూడు సిట్టింగులు ఫోటోఫేషియల్ (ముఖం మీద బలమైన కాంతి వేసి చేసే వైద్యం) చేయించుకుంటే ఎండ మచ్చలూ, బుగ్గల మీది ఎరుపూ రెండూ పోయాయి. అదే చోట మీకు ఐదు సిట్టింగుల ప్యాకేజీ తగ్గింపు ధరకి ఇస్తామంటున్నారు. మీకు రెండు బుగ్గల మీదా గోధుమ రంగు మచ్చ, ఎండలోకి వెళ్తే ముఖం కందిపోయి మంట. ఐదు నెలల్లో తమ్ముడి పెళ్లి, గుంటూరు వెళ్లాలి. చేయించుకోవచ్చా అని మీ ప్రశ్న. చివర్లో మాటవరసకి అన్నట్టు ఇంకో ముక్క కూడా రాశారు: "అమ్మ ఇండియా నుంచి పంపిన క్రీం రాస్తే బాగానే ఉంటుంది, రెండు రోజులు మానేస్తే మళ్లీ ఎర్రబడుతుంది."

నా జవాబు: ఇప్పుడు వద్దు. ప్యాకేజీకి డబ్బు కట్టకండి. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే కారణం మీరు మాటవరసకి రాసిన ఆ చివరి ముక్కలోనే ఉంది.

నేను హైదరాబాదులో చర్మ వైద్యురాలిని, ప్రాక్టీసు మొదలుపెట్టి 20 ఏళ్లు దాటింది. ఫోటోఫేషియల్ చేసే ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) మెషిన్ నా క్లినిక్‌లోనూ ఉంది. దాని మీద నాకు కోపమేమీ లేదు, మీ కొలీగ్‌కి అది సరైన వైద్యమే. ఆవిడ చర్మం వేరు, మీ చర్మం వేరు. ఆవిడ జబ్బు వేరు, మీ జబ్బు వేరు. రెండింటికీ పైకి కనిపించే లక్షణాలు మాత్రం ఒకటే, "మచ్చలు, ఎరుపు". ఇబ్బంది అక్కడే వస్తోంది.

ఐపీఎల్ అంటే లేజర్ కాదు. ఒక జెనాన్ దీపం, కెమెరా ఫ్లాష్ లాంటిదే, కాకపోతే చాలా బలమైనది. లేజర్‌లో ఒకే రంగు కాంతి వస్తుంది. ఇందులో తరంగాల పొడవు సుమారు 500 నుంచి 1200 నానోమీటర్ల దాకా ఉండే చాలా రంగుల కాంతి కలిసి వస్తుంది, ముందు ఒక ఫిల్టర్ పెట్టి అక్కర్లేని భాగాన్ని ఆపేస్తారు. 515 ఫిల్టర్ అంటే అంతకంటే పొట్టి తరంగాలు ఆగిపోతాయని అర్థం. ఈ కాంతి చర్మంలోకి వెళ్లి రంగు ఉన్న పదార్థంలో ఇంకి వేడిగా మారుతుంది. మచ్చలో ఉన్న మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం) వేడెక్కితే మచ్చ మాడి రాలిపోతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ వేడెక్కితే ఆ సన్నటి రక్తనాళం మూసుకుపోతుంది. చుట్టుపక్కల చర్మానికి దెబ్బ తగలకుండా లోపలి రంగును మాత్రమే కొట్టవచ్చు అనే సూత్రాన్ని బోస్టన్‌లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ 1983లో ప్రచురించారు. ఇవాళ మన క్లినిక్‌లలో ఉన్న లేజర్లన్నీ దాదాపు ఆ ఒక్క పేపర్ మీదే నిలబడ్డాయి. ఐపీఎల్ మెషిన్లు 1990ల మధ్యలో మొదట కాళ్ల మీద పైకి కనిపించే నరాల (సన్న రక్తనాళాల) కోసం వచ్చాయి. ముఖమంతా వరసగా కొన్ని సిట్టింగులు చేస్తే ఎండకు పాడైన చర్మం బాగుపడుతుందని కాలిఫోర్నియా డాక్టరు పాట్రిక్ బిట్టర్ 2000లో రాసిన తర్వాతే ఫోటోఫేషియల్ ఊపందుకుంది.

ఇప్పుడు మీ కొలీగ్ ముఖం ఊహించుకోండి. తెల్లటి చర్మం, దాని మీద అక్కడక్కడా ఎండకు వచ్చిన గోధుమ చుక్కలు, ముక్కు పక్కన ఎర్రటి సన్న నరాలు. తెల్ల కాగితం మీద సిరా చుక్కలన్నమాట. కాంతికి ఇంకడానికి ఆ చుక్కలు తప్ప వేరే చోటు లేదు. ట్రీట్‌మెంట్ అయిన రెండో రోజుకి ఆ మచ్చలు నల్లబడి, ముఖం మీద కాఫీ పొడి చల్లినట్టు కనిపిస్తాయి. వారం పది రోజుల్లో రాలిపోతాయి. చాలా సంతృప్తికరమైన వైద్యం అది, చేసేవాళ్లకి కూడా.

మన చర్మం తెల్ల కాగితం కాదు. చామనఛాయ అంటేనే పై పొర అంతటా మెలనిన్ పరుచుకుని ఉందని. 1975లో థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందో చూసి తరగతులు పెట్టాడు. ఇవాళ వాడే ఆరు తరగతుల లెక్కలో (ఒకటి బాగా తెలుపు, ఆరు బాగా నలుపు) మన తెలుగువాళ్లం ఎక్కువ మంది నాలుగు, ఐదుల్లో ఉంటాం. మీ ఫోటో చూడలేదు గానీ, "కాస్త తెల్లగానే ఉంటాను" అని మీరు రాసినా నాలుగు అనే అనుకుంటున్నాను. మన ఇళ్లల్లో తెలుపు అనేది డాలస్ లెక్కల్లో తెలుపు కాదు కదా. ఇలాంటి చర్మం మీద అదే ఫ్లాష్ వేస్తే, కాంతి కింద ఉన్న మచ్చని గానీ నరాన్ని గానీ చేరకముందే పై పొరలో సగం ఖర్చైపోతుంది. ఖర్చైనది వేడిగా మారుతుంది. ఆ వేడి పై పొరనే కాలుస్తుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. మెషిన్ కొన్న కొత్తలో, అమ్మినాయన ఇచ్చిన చార్టు పక్కన పెట్టుకుని ఒకమ్మాయికి చేశాను. చార్టులో ఉన్న సెట్టింగులు ఏ రంగు వాళ్ల మీద తయారుచేశారో అడగాలన్న తెలివి నాకు అప్పుడు లేదు. చేస్తున్నప్పుడు ఆమె మంట అంది. కొంచెం ఉంటుందిలే అన్నాను. సాయంత్రానికి రెండు బుగ్గల మీదా దీర్ఘచతురస్రాకారంలో, హ్యాండ్‌పీస్ పెట్టిన చోటల్లా అచ్చు దిగినట్టు, చిన్న చిన్న బిళ్లల్లా వాపు. మర్నాడు బొబ్బలు. బొబ్బలు తగ్గాక నల్లటి చారలు. అవి పోవడానికి దాదాపు ఏడు నెలలు పట్టింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పటినుంచి పేషెంటు "మంట" అంటే చెయ్యి ఆపేస్తాను. రబ్బరు బ్యాండుతో చిటుక్కుమని కొట్టినట్టు ఉంటే సరే. చురుక్కుమని మొదలై ఆ మంట తగ్గకుండా అలాగే ఉండిపోతే అది కాలడమే.

అలాగని మన రంగుకి ఐపీఎల్ అసలు పనికిరాదని కాదు. పొడుగు తరంగాల ఫిల్టర్, తక్కువ శక్తి, ఫ్లాష్‌ని రెండు మూడు ముక్కలుగా చేసి మధ్యలో చర్మం చల్లారే సమయం, గట్టిగా చల్లబరిచే నీలమణి కొన, ఇవన్నీ ఉంటే నాలుగో తరగతి చర్మం మీద జాగ్రత్తగా చేయవచ్చు. జపాన్, కొరియాల్లో చాలా చేస్తారు. ఐదో తరగతి మీద నేను చేయను. అయితే ఇదంతా రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, అసలు ఏ మచ్చని కొడుతున్నాం?

రెండు బుగ్గల మీదా సమానంగా గోధుమ రంగు, 30ల్లో ఉన్న తెలుగు ఆడవాళ్లు. నూటికి తొంభై పాళ్లు నేను తలుపు దగ్గరే అనుకునేది మంగు. మీ అమ్మగారు కూడా చూడగానే మంగు అనే అని ఉంటారు, ఆవిడ మాటే నిజం కావచ్చు. మంగుకీ మీ కొలీగ్ ఎండ మచ్చలకీ పోలిక లేదు. ఎండ మచ్చ అంటే ఒక చోట పేరుకుపోయిన రంగు, తీసేస్తే పోతుంది. మంగు అంటే రంగు తయారుచేసే కణాలే అతిగా పని చేస్తున్నాయని. కింద రక్తనాళాలు పెరిగి ఉంటాయి, ఎండకి, వేడికి, హార్మోన్లకి, చివరికి మామూలు వెలుతురుకి కూడా ఆ కణాలు రెచ్చిపోతాయి. ఫ్లాష్ వేసి పైన ఉన్న రంగు తీసేయడం, పొయ్యి కట్టేయకుండా పొంగిన పాలు తుడవడం లాంటిది. నెల రోజులు ముఖం మెరుస్తుంది. తర్వాత అదే వేడి ఆ కణాలను ఇంకా రెచ్చగొట్టి, మునుపటికంటే ముదురుగా తిరిగొస్తుంది. ప్యాకేజీలో మూడో సిట్టింగ్ దగ్గర "మీకు ఇంకో రెండు కలపాలండీ" అనే మాట వినిపించేది సరిగ్గా అప్పుడే.

మంగు కాకపోవచ్చు కూడా. మెడ వెనక, కణతల దగ్గర ముదురుగా, ముట్టుకుంటే మఖ్‌మల్‌లా ఉంటే అది టాన్ కాదు, ఎకాంతోసిస్. శరీరంలో ఇన్సులిన్ సరిగా పని చేయడం లేదన్న సూచన, లైటు దగ్గరికి కాదు షుగర్ పరీక్షకి వెళ్లాలి. జుట్టుకి రంగు వేసుకునేవాళ్లలో నుదురు, చెవుల ముందు బూడిద నలుపు వస్తే ఆ జుట్టు రంగు చర్మానికి పడక వచ్చిన అలర్జీ కావచ్చు. కళ్ల కింద బుగ్గల మీద మిరియపు గింజల్లా చిన్న నల్లటి బుడిపెలుంటే వాటిని చిన్న కరెంటు సూదితో పది నిమిషాల్లో తీసేయవచ్చు, వాటికి ఫోటోఫేషియల్ దండగ. ఇక ఏ పుట్టుమచ్చ మీదా, ఎవరూ, ఎక్కడా ఐపీఎల్ వేయకూడదు. రంగు పోయి లోపల క్యాన్సర్ ఉంటే కనపడకుండా పోతుంది.

ఇప్పుడు ఎరుపు సంగతి. నాకు అసలు టెన్షన్ పెట్టింది ఇదే.

క్రీం రాస్తే బాగుంటుంది, మానేస్తే రెండు రోజుల్లో ఎర్రబడుతుంది, మంట పుడుతుంది. మన రాష్ట్రాల్లో ఈ వాక్యం నేను వారానికి కనీసం పదిసార్లు వింటాను. ఆ క్రీంలో స్టెరాయిడ్ ఉందని దాదాపు ఖాయం. ట్యూబు తీసి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, మోమెటాసోన్, ఫ్లూసినోలోన్, క్లోబెటాసోల్, ఇలా "సోన్", "లోన్", "సోల్" అని ముగిసే పేరు ఉంటే స్టెరాయిడే. ("జోల్" అని ముగిస్తే, కీటోకోనజోల్ లాంటివి, అది తామర మందు. ఆ కంగారు వద్దు. కాకపోతే రెండూ కలిపిన ట్యూబులు కూడా ఉంటాయి, వరస మొత్తం చదవండి.) లేబులే లేని డబ్బా అయితే ఇంకా ప్రమాదం, అలాంటి తెలుపు క్రీముల్లో పాదరసం దొరికిన సందర్భాలున్నాయి, నేరుగా పారేయండి.

దీని వెనక కథ కూడా చెప్పాలి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్, ఈ మూడూ కలిపితే మంగు తగ్గుతుందని అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ 1975లోనే చూపించారు. మంచి మందే. అమెరికాలో 2002లో ఇలాంటి మూడు మందుల క్రీంకి అనుమతి ఇచ్చినప్పుడు ఎనిమిది వారాలకే, డాక్టరు పర్యవేక్షణలోనే అన్నారు. మన దగ్గర అదే కలయిక మెడికల్ షాపులో ఫెయిర్‌నెస్ క్రీంలా అమ్ముడుపోయింది. పక్కింటావిడ చెప్తే కొనుక్కుని, రెండు వారాల్లో ముఖం తేటగా అయ్యేసరికి రెండేళ్లు రాసుకున్నవాళ్లున్నారు. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూత మందులను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. మన చర్మ వైద్యుల సంఘం దీని మీద ప్రత్యేకంగా టాస్క్‌ఫోర్స్ పెట్టింది. అయినా ట్యూబు పేరు నోటితో చెప్తే ఇచ్చే షాపులు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

నెలల తరబడి స్టెరాయిడ్ రాస్తే చర్మం పలచబడుతుంది, సన్న నరాలు పైకి కనిపిస్తాయి, చెంపల మీద వెంట్రుకలు పెరుగుతాయి, మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి. మానేయగానే అణిగి ఉన్న వాపంతా ఒక్కసారిగా తిరగబడుతుంది. అందుకే ఎరుపు, అందుకే మంట, అందుకే మళ్లీ ట్యూబు. ఇలాంటి పలచబడ్డ ముఖం మీద ఐపీఎల్ వేస్తే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పైగా ఆ ఎర్రటి నరాల్ని చూసి మెషిన్ దగ్గరున్నవాళ్లు "రోజేషియా, దీనికి పర్‌ఫెక్ట్" అంటారు. రోజేషియా అంటే ముఖం ఎర్రబడి మంట పుట్టే ఒక చర్మ జబ్బు. వాళ్ల తప్పు కూడా కాదు, వాళ్లు రోజూ చూసే ముఖాల్లో అది రోజేషియానే. మీరు క్రీం సంగతి చెప్పకపోతే వాళ్లకి తెలిసే దారి లేదు.

స్టెరాయిడ్ అని తేలితే మీ అంతట మీరు హఠాత్తుగా మానేయకండి, ముఖ్యంగా ఎక్కువ బలమైనది, ఎక్కువ కాలం వాడినట్టయితే. అక్కడ డెర్మటాలజిస్టుకి ట్యూబు చూపించండి. ఫోటో కాదు, ట్యూబే పట్టుకెళ్లండి. తక్కువ బలం ఉన్నదానికి మార్చి, రోజు విడిచి రోజు చేసి, మధ్యలో టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కాని మందు ఇచ్చి దించుతారు. పొక్కులుంటే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కలుపుతారు. మొదటి రెండు వారాలు నరకంగా ఉంటుంది, అబద్ధం చెప్పను. చల్లటి నీళ్ల గుడ్డ, వాసన లేని మాయిశ్చరైజర్, అంతే. సున్నిపిండి, నిమ్మరసం, పసుపు, కలబంద, ఇంట్లోవాళ్లు ప్రేమగా చెప్పే ఏవీ ఆ రెండు నెలలు ముఖం మీదికి రానివ్వకండి. వారాల నుంచి నెలల దాకా పడుతుంది గానీ తగ్గుతుంది. నా దగ్గర తగ్గనివాళ్లు చాలా తక్కువ. మధ్యలో భయపడి మళ్లీ ట్యూబు ఎత్తుకున్నవాళ్లు మాత్రం చాలామంది.

ఒకవేళ ట్యూబులో స్టెరాయిడ్ లేదనుకుందాం. అప్పుడు రోజేషియా ఆలోచించాలి. మనవాళ్లకి రాదని వైద్య విద్యార్థులుగా మాకు చెప్పిన మాట తప్పు. వస్తుంది, ఎరుపు సరిగా కనపడదంతే. మన రంగులో అది ఇటుక రంగు మెరుపులా ఉంటుంది, ఎక్కువమంది "కందిపోయినట్టుంది" అంటారు. గుర్తు పట్టే మార్గం మంట. సబ్బు మంట, సన్‌స్క్రీన్ మంట, వేడి సాంబారు తాగితే ముఖం నిప్పు. బ్లాక్‌హెడ్స్ లేకుండా మొటిమల్లాంటి పొక్కులు, కళ్లల్లో ఇసుక పడ్డట్టు ఉండటం కూడా లక్షణాలే. దీనికి ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీం, మెట్రోనిడజోల్, అజెలాయిక్ యాసిడ్ ఉన్నాయి. మీ విషయంలో అజెలాయిక్ యాసిడ్ నాకు నచ్చుతుంది, ఎందుకంటే అది ఎరుపునీ మంగునీ రెండింటినీ కాస్త కాస్త తగ్గిస్తుంది, గర్భం అనుకుంటున్నవాళ్లు కూడా వాడొచ్చు. మొదటి వారం దురదగా చిమచిమలాడుతుంది.

ఇంకో సంగతి, ఇది మర్చిపోకండి. ముక్కు మీదుగా రెండు బుగ్గలకీ పాకి, ముక్కు పక్కన మడతల్ని మాత్రం వదిలేసే ఎరుపు, ఎండకి పెరిగేది, దాంతోపాటు కీళ్ల నొప్పులు, నోట్లో పుండ్లు, జుట్టు ఊడటం, నీరసం ఉంటే లూపస్ (శరీర రక్షణ వ్యవస్థే శరీరం మీద తిరగబడే జబ్బు) కావచ్చు. దానికి ఏఎన్ఏ అనే రక్త పరీక్ష చేయాలి. లూపస్ ఉన్నవాళ్లకి కాంతి పడితేనే జబ్బు ఎక్కువవుతుంది. ఐపీఎల్ కోసం వచ్చిన ఒకావిడని నేను వెనక్కి పంపి ఈ పరీక్ష చేయిస్తే తేలింది. ఆవిడకి అప్పటికే రెండు చోట్ల ఫేషియల్ ప్యాకేజీలు అమ్మేశారు.

మంగుకి ఏం చేయాలి మరి? ముందు వెలుతురు ఆపాలి. డాలస్‌లో మీరు రోజూ కారులో ఎంతసేపు ఉంటారో చూడండి. ముందు అద్దం పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి యూవీఏ అనే అతినీలలోహిత కిరణాలని చాలావరకు ఆపుతుంది, పక్క అద్దాలు అంతగా ఆపవు. అమెరికాలో 28 ఏళ్లు ట్రక్కు నడిపిన ఒకాయన ముఖం ఫోటో 2012లో వైద్య పత్రికలో వచ్చింది, ఎడమ సగం ముడతలు పడి కుడి సగం కంటే చాలా ముసలిగా కనిపిస్తుంది. అక్కడ డ్రైవరు ఎడమ వైపు కదా. మన దగ్గర కారు నడిపేవాళ్లలో నేను కుడి బుగ్గ చూస్తాను. మీది ఏ బుగ్గ ముదురుగా ఉందో అద్దంలో చూసుకోండి.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 గానీ 50 గానీ. ముఖ్యం ఏమిటంటే అది రంగు కలిపినది, ఐరన్ ఆక్సైడ్ ఉన్నది అయి ఉండాలి. తెల్లటి మామూలు సన్‌స్క్రీన్ అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది గానీ కంటికి కనిపించే వెలుతురుని ఆపదు, మన చర్మంలో మంగుని ఆ వెలుతురు కూడా పెంచుతుంది. ముఖానికీ మెడకీ రెండు వేళ్ల పొడవున పిండి రాయండి. బఠానీ గింజంత రాస్తే రాయనట్టే. రోజంతా ఆఫీసులో ఉన్నా బయటికి వచ్చేముందు మళ్లీ ఒకసారి.

గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా? రాయలేదు మీరు. మంగు మొదలైంది మాత్ర మొదలుపెట్టాకా, డెలివరీ తర్వాతా అన్నది డాక్టరుకి చెప్పండి. మాత్రలే కారణమైతే అవి మార్చకుండా పైపూతలు ఎన్ని రాసినా అరకొరే. ఇంకో కారణం కూడా ఉంది. ఇప్పుడు మంగుకి బాగా పని చేస్తున్న మందు ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, మామూలుగా 250 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, కొన్ని నెలలు. అది రక్తం గడ్డకట్టడానికి సంబంధించిన మందు. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకి, ఇంట్లో కాళ్లల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి, ఇవ్వకూడదు. గుంటూరు నుంచి అది కూడా తెప్పించుకోవాలని అనుకోకండి. హైడ్రోక్వినోన్ అమెరికాలో 2020 నుంచి చీటీ లేకుండా అమ్మడం లేదు కాబట్టి దానికీ డాక్టరు దగ్గరికే వెళ్లాలి, మీ విషయంలో అది మంచిదే అయింది.

మంగుకి తక్కువ శక్తితో 1064 నానోమీటర్ల లేజర్ వేసే "లేజర్ టోనింగ్" గురించి కూడా ఎవరైనా చెప్తారు. పొడుగు తరంగం కాబట్టి మన రంగుకి ఐపీఎల్ కంటే భద్రం. తగ్గుతుంది కూడా, ఆపేస్తే చాలామందిలో తిరిగొస్తుంది. వారం వారం ఎక్కువసార్లు చేసేస్తే మంగు మీదే తెల్లటి చుక్కలు పడతాయి. ఆ చుక్కలకి మందు దొరకడం కష్టం. మందులు మూడు నాలుగు నెలలు వాడాక కూడా కదలని మంగుకి, దూరం దూరంగా కొన్ని సిట్టింగులు, అంతవరకే నేను ఒప్పుకుంటాను.

ఇవన్నీ అయ్యాక, ఎరుపు తగ్గి, స్టెరాయిడ్ మానేసి కనీసం కొన్ని నెలలు గడిచి, ఇంకా కొన్ని సన్న నరాలు మిగిలాయనుకోండి. అప్పుడు లైటు మాట మాట్లాడొచ్చు. అప్పుడు కూడా ఆ మెషిన్ ఎవరు పట్టుకుంటారో అడగండి, గోడ మీద ఫోటో ఎవరిదో కాదు. "నా రంగు వాళ్లకి మీరు చేసిన ముందు, తర్వాత ఫోటోలు చూపించండి" అని అడగండి. తెల్లవాళ్ల ఫోటోలే చూపిస్తే మర్యాదగా లేచి వచ్చేయండి. చెవి ముందు దవడ దగ్గర ఒక్క ఫ్లాష్ వేసి, నాలుగు వారాలు ఆగి చూడమనండి. మన చర్మంలో నలుపు మర్నాడే రాదు, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత నెమ్మదిగా తేలుతుంది. "టెస్ట్ ప్యాచ్ అక్కర్లేదండీ, మెషిన్‌లోనే సెన్సర్ ఉంది" అనేవాళ్ల దగ్గర చేయించుకోవద్దు. కళ్లకి పూర్తిగా వెలుతురు ఆపే కవచం ఉండాలి, కనురెప్పల మీద వేయకూడదు. కనుపాప చుట్టూ ఉండే రంగు పొర దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పెదవి దగ్గర జ్వరపు పొక్కులు వచ్చే అలవాటుంటే ముందే చెప్పాలి, రెండు రోజుల ముందు నుంచి మాత్ర ఇస్తారు. అంతకుముందు నాలుగు వారాలు బీచ్‌కి వెళ్లి ఉంటే ఆ సిట్టింగ్ వాయిదా.

మీవారు కూడా మీతో పాటు చేయించుకుంటారని రాశారు, జంటకి డిస్కౌంట్ అన్నారని. గడ్డం పెంచే ఉద్దేశం ఉంటే బుగ్గల మీద వద్దని చెప్పండి. ఇదే దీపాన్ని వెంట్రుకలు తీయడానికి కూడా వాడతారు, గడ్డం అక్కడక్కడా పోయి అతుకులు వేసినట్టు మిగులుతుంది.

పెళ్లి గురించి. ఐదు నెలలు మంచి సమయమే, కాకపోతే లైటుకి కాదు. ఈ వారం ట్యూబు చదవండి, డెర్మటాలజిస్టు అపాయింట్‌మెంట్ తీసుకోండి. అక్కడ కొత్త పేషెంట్లకి నెలలు పడుతుందని తెలుసు, ఎవరైనా మానుకుంటే పిలిచే క్యాన్సిలేషన్ లిస్టులో పేరు పెట్టించుకోండి, ఈలోపు ఫ్యామిలీ డాక్టరుకి చూపించండి. ట్యూబు దించడానికి రెండు నెలలు, ఎరుపు సద్దుమణగడానికి ఇంకో నెల, మంగు మందు పని చేయడం కనిపించడానికి రెండు మూడు నెలలు, రెండూ కాస్త కలిసి నడుస్తాయి. పెళ్లి నాటికి ముఖం పూర్తిగా తేరుకోకపోవచ్చు. మేకప్ అమ్మాయికి ముందే చెప్పి, మీరు రోజూ వాడే రంగు సన్‌స్క్రీన్ మీదే వేయమనండి. పెళ్లికి వారం ముందు బంధువులెవరో ఫేషియల్ బుక్ చేసి ఉంటారు, ఏదో ఒకటి చెప్పి తప్పించుకోండి.

ఇంకో విషయం, అమ్మగారికి ఫోన్ చేసినప్పుడు ఆ క్రీం ఆవిడ కూడా రాసుకుంటున్నారేమో అడగండి. ఇలాంటివి ఒక్క ట్యూబు కొనరు ఎవరూ.